గెలిచావా అని అడగకండి

ప్రశ్న:

మాస్టారూ, నమస్కారం. మేము టెక్సస్‌లో, డాలస్ పక్కన ప్లేనోలో ఉంటున్నాం. సొంత ఊరు తెనాలి దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి పదకొండో తరగతి. స్కూల్లో కౌన్సెలర్ వాడి పేరును బాయ్స్ స్టేట్ అనే శిబిరానికి పంపుతామంటున్నారు. జూన్‌లో వారం రోజులు. అక్కడ పిల్లలే పార్టీలుగా విడిపోయి, ప్రచారం చేసుకుని, ఓట్లు వేసుకుని, తమలో ఒకణ్ణి గవర్నరుగా ఎన్నుకుంటారట. దాని మీద అదే పేరుతో ఒక డాక్యుమెంటరీ ఉందంటే అందరం కూర్చుని చూశాం. చూసినప్పటి నుంచి ఇంట్లో ప్రశాంతత లేదు.

మావారు వద్దంటే వద్దంటున్నారు. ఆయన గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో విద్యార్థి సంఘాల గొడవలో గదిలో కలిసి ఉండే స్నేహితుడి తల పగిలిందట. ఆ సంగతి నాకే పెళ్లయిన పన్నెండేళ్లకు చెప్పారు. "రాజకీయాలు మనకెందుకు, ఆ వారం కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్ఏటీ పరీక్షకు చదువుకోనీ" అంటారు. నా భయం వేరు. ఆ సినిమాలో ఒక పిల్లవాడు తాను నమ్మనిది నమ్మినట్టు వేదిక మీద మాట్లాడి, తర్వాత కెమెరా ముందు ఆ మాట ఒప్పుకుంటాడు. ఒక నల్లజాతి అబ్బాయిని మిగతావాళ్లు పెట్టిన ఇబ్బంది చూసి నాకు నిద్ర పట్టలేదు. మావాడు నెమ్మదస్తుడు. వాడి పేరు కూడా సగంమందికి పలకడం రాదు. వాడేమో, "గెలవాలంటే వాళ్లు వినాలనుకున్నదే చెప్పాలా అమ్మా? నేను అనుకున్నది చెబితే ఓడిపోతాను కదా" అని అడిగాడు. నాకు జవాబు దొరకలేదు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, "నన్నెందుకు పంపరు" అని ఇంకో పక్క. పంపమంటారా, వద్దంటారా?

- ఒక తల్లి, ప్లేనో

సమాధానం:

పంపండి అమ్మా. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది మీరు నిదానంగా చదువుతారు. మీవారిని కూడా చదవమనండి, ఇందులో సగం ఆయన కోసమే.

మీ ఉత్తరం అందాక ఆ డాక్యుమెంటరీ మళ్లీ పెట్టుకుని చూశాను. అమాండా మక్‌బేన్, జెస్సీ మాస్ అనే దంపతులు 2018 జూన్‌లో ఆస్టిన్‌లో తీశారు. 2020లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో అమెరికన్ డాక్యుమెంటరీల విభాగంలో మొదటి బహుమతి వచ్చింది. వాళ్ల చూపు ఈ శిబిరం మీద పడడానికి ఒక కారణం ఉంది. అంతకు ముందటి ఏడాది, 2017లో, టెక్సస్ శిబిరంలో పిల్లలు తమ రాష్ట్రం అమెరికా నుంచి విడిపోవాలని తీర్మానం పెట్టి నెగ్గించుకున్నారు. ఆ వార్త పత్రికలకెక్కింది. రాష్ట్రం విడిపోవడమంటే ఏమిటో మన తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. వాళ్లు మాత్రం దాన్ని వేసవి సెలవుల పనిగా ముగించేశారు.

ఈ శిబిరం వయసు తొంభై ఏళ్లు. 1935లో ఇల్లినాయి రాష్ట్రంలో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం మొదలుపెట్టింది. అప్పటికి ఐరోపాలో కుర్రకారుకు యూనిఫాం తొడిగి, కవాతు నేర్పి, నాయకుడి పేరు జపం చేయించే సంఘాలు వెలిశాయి. అలాంటి ఆకర్షణ తమ పిల్లలకు అంటకూడదంటే ప్రజాస్వామ్యాన్ని పాఠంగా చెబితే చాలదు, చేతులతో చేయించాలి అని ఆ మాజీ సైనికులు అనుకున్నారు. 1963లో ఆర్కన్సా నుంచి ఇలాగే వెళ్లిన ఒక పదహారేళ్ల అబ్బాయి, అక్కణ్ణుంచి జాతీయ స్థాయి శిబిరానికి ఎంపికై, వైట్‌హౌస్ తోటలో కెనెడీతో చేయి కలిపాడు. ఆ అబ్బాయి బిల్ క్లింటన్. తర్వాత ఉపాధ్యక్షుడైన డిక్ చెనీ కూడా ఈ శిబిరంలోంచి వచ్చినవాడే. మీవారు ఈ పేరాగ్రాఫ్ చదివి, "అయితే కాలేజీ దరఖాస్తులో రాసుకోవచ్చు" అనవచ్చు. ఆ ఒక్క కారణంతో పంపేటట్టయితే మాత్రం పంపకండి. ఎస్ఏటీ చదువుకోనివ్వండి.

నన్ను ఆకట్టుకున్నది వేరే. వెయ్యికి పైగా కుర్రాళ్లు వస్తారు. వచ్చీ రాగానే వాళ్లను రెండు పార్టీలుగా పంచేస్తారు: ఫెడరలిస్టులు, నేషనలిస్టులు. ఏ అబ్బాయి ఏ పార్టీలో పడతాడన్నది చీటీ తీసినంత గుడ్డిగా జరుగుతుంది. ఆ పార్టీలకు సిద్ధాంతం లేదు, చరిత్ర లేదు, ఉన్నదల్లా పేరు. ఏం కోరాలో, దేన్ని వ్యతిరేకించాలో పిల్లలే కూర్చుని రాసుకోవాలి. మన బళ్లలో గాంధీ హౌస్, నెహ్రూ హౌస్ అని పంచితే ఆటల పోటీల నాటికి నెహ్రూ హౌస్ పిల్లవాడు గాంధీ హౌస్ వాణ్ణి పుట్టుశత్రువులా చూస్తాడు కదా, అదే ఇక్కడా జరుగుతుంది. నిన్నటి దాకా లేని పార్టీ కోసం రెండో రోజుకల్లా గొంతు చించుకుంటారు. చూస్తుంటే నవ్వు వస్తుంది. తర్వాత మన ఇళ్లలో వారసత్వంగా వచ్చే పార్టీ అభిమానాలు గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోతుంది.

ఇక మీవాడి ప్రశ్నకు వస్తాను. ఉత్తరంలో అసలైన మాట అదే.

నమ్మనిది నమ్మినట్టు మాట్లాడాడని మీరు రాసింది రాబర్ట్ గురించి. చూడ్డానికి బాగుంటాడు, హుషారు, నాలుగు మాటలతో గది నింపేస్తాడు. గర్భస్రావం విషయంలో తన అభిప్రాయం ఒకటి, వేదిక మీద చెప్పింది దానికి నేరుగా విరుద్ధం. జనం ఎటు ఉన్నారో అటు మాట్లాడాడు. మన పెద్దలు వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్లి చేయమన్నారని చెప్పుకుంటాం. బలి చక్రవర్తికి శుక్రాచార్యుడు ఎప్పుడెప్పుడు బొంకవచ్చో వరసగా చెప్పాడు. ఆడవాళ్ల విషయంలో, పెళ్లిళ్లలో, ప్రాణం మీదికి వచ్చినప్పుడు, ఇలా సాగుతుంది ఆ జాబితా. నాకు తెలిసి అందులో ఎన్నికలు లేవు. బహుశా ఆయన కాలానికి ఆ అవసరం పడి ఉండదు.

మీవాడికి సామెతలు వద్దు. ఇలా చెప్పి చూడండి. పెళ్లిచూపుల్లో అన్నీ చెప్పం. అబ్బాయికి గురక వస్తుందని ఎవరూ మొదటి రోజే చెప్పరు, అది తప్పూ కాదు. డిగ్రీ తప్పినవాణ్ణి ఇంజనీరని చెప్పడం మాత్రం మోసం. చెప్పకపోవడం వేరు, తిరగేసి చెప్పడం వేరు. వేదిక ఎక్కినవాడు తాను నమ్మే పది విషయాల్లో అక్కడివాళ్లకు పనికొచ్చే మూడింటిని ఎంచుకోవచ్చు. మిగతా ఏడింటిని జేబులో ఉంచుకోవచ్చు. ఎవరైనా అడిగితే తీసి చూపించేలా మాత్రం ఉండాలి. జేబులో ఒకటి పెట్టుకుని చేతిలో ఇంకొకటి చూపించాడా, ఆ వారం మొత్తం ఆ జేబును కాపలా కాయడంతోనే సరిపోతుంది. రాబర్ట్ ముఖంలో నాకు కనిపించింది ఆ కాపలా తాలూకు అలసటే. అతను చెడ్డవాడు కాదు. పదిహేడేళ్లకే పెద్దవాళ్లను గమనించి నేర్చుకున్నవాడు.

వాడి ప్రశ్నలో ఇంకో చిక్కు కూడా ఉంది. "వాళ్లు వినాలనుకున్నది" ఏమిటో వాడికి ఎలా తెలుసు? రాబర్ట్ ఊహించాడు. స్టీవెన్ అడిగి తెలుసుకున్నాడు. స్టీవెన్ మీకు గుర్తుండే ఉంటాడు. మెక్సికో నుంచి వలస వచ్చిన కుటుంబం, చిన్న గొంతు, మాట్లాడే ముందు ఒక క్షణం ఆగే అలవాటు. గవర్నరు పోటీలో నిలబడాలంటే సంతకాలు సేకరించాలి. మిగతావాళ్లు బల్లలెక్కి అరుస్తుంటే ఇతను ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి, నీకేం కావాలి అని అడిగి, జవాబు పూర్తయ్యే దాకా విన్నాడు. సంతకాలు ఆలస్యంగా వచ్చాయి గానీ వచ్చాయి. నేషనలిస్టు పార్టీ అభ్యర్థి ఎవరన్న పోటీలో రాబర్ట్‌నే ఓడించాడు.

ఇక్కడ ఆపి, "చూశావా, నిజాయితీ గెలిచింది" అని మీరు మీవాడికి చెప్పవచ్చు. దయచేసి చెప్పకండి. ఎందుకంటే కథ అక్కడ ఆగలేదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని ఒక స్కూల్లో కాల్పులు జరిగాక, తుపాకుల నియంత్రణ కోరుతూ హ్యూస్టన్‌లో విద్యార్థులు చేసిన ప్రదర్శనలో స్టీవెన్ ముందు నిలబడ్డాడు. ఎదురు పార్టీ దాన్ని తవ్వి తీసింది. తుపాకీ హక్కును ప్రాణంగా చూసుకునే కుర్రాళ్లు నిండిన సభలో అది ఎలాంటి దెబ్బో ఊహించుకోండి. ఆ పార్టీని నడిపిన బెన్, రాజకీయం ఇలాగే ఉంటుందని తనకు తాను నచ్చజెప్పుకున్న తెలివైన పిల్లవాడు. చివరి ఎన్నికలో స్టీవెన్ ఓడిపోయాడు. ఫలితం వచ్చాక అతని ముఖం, తర్వాత తోటివాళ్లు వచ్చి కౌగిలించుకోవడం మీరు చూశారు. మీవాడు "ఓడిపోతాను కదా" అన్నప్పుడు చెప్పాల్సిన జవాబు, "ఓడిపోవచ్చు, అవును" అనే. అంతకంటే తియ్యగా చెప్పిన ఏ జవాబూ వాడు నమ్మడు. వాడు ఆ సినిమా చూశాడు కదా.

ఇప్పుడు కాస్త నా సొంత సొద. నేను ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పాను. మన దేశంలోనూ ఇలాంటిది ఉంది. కేంద్రంలో పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1966-67లో ఢిల్లీ బళ్లలో యువజన పార్లమెంటు పోటీలు మొదలుపెట్టింది, తర్వాత కేంద్రీయ విద్యాలయాలకు, నవోదయలకు విస్తరించింది. 2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, అమరావతిలో విద్యార్థులతో మాక్ అసెంబ్లీ జరిపారు. ముఖ్యమంత్రి, ప్రతిపక్ష నేత, స్పీకరు అందరూ పిల్లలే. ఈ వరసలోనే నేను పనిచేసిన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఏటా ఒక పూట సభ పెట్టేవాళ్లం.

స్క్రిప్టు నేనే రాసేవాణ్ణి. గీతల కాగితాల మీద, కింద కార్బను పెట్టి, నాలుగు ప్రతులు. హెడ్మాస్టరుగారి కుర్చీ మీది టర్కీ తువాలు తీసేస్తే అది స్పీకరు స్థానం. ప్రశ్నోత్తరాలు, ఒక బిల్లు, దాని మీద వాగ్వాదం, పదకొండు ఇరవైకి ప్రతిపక్షం వాకౌట్. వాకౌట్ చేసిన పిల్లలు బయట వేపచెట్టు కింద నిలబడి, మళ్లీ ఎప్పుడు లోపలికి రమ్మంటారా అని కిటికీలోంచి నా వంక చూసేవాళ్లు. అంత క్రమశిక్షణ గల ప్రతిపక్షాన్ని మీరు ఏ శాసనసభలోనూ చూసి ఉండరు.

ఒక ఏడాది మండల విద్యాధికారి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. పదో తరగతి అమ్మాయి ఒకతె లేచింది. నేను రాసిచ్చిన ప్రశ్న గ్రామాల్లో తాగునీటి గురించి. ఆమె కాగితం మడిచి చేతిలో పట్టుకుని, "అధ్యక్షా, ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ ఊడిపోయి మూడు నెలలైంది. ఒకరు లోపలికి వెళితే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. మంత్రిగారు గడియ ఎప్పుడు పెట్టిస్తారు?" అని అడిగింది. విద్యామంత్రి వేషంలో ఉన్న అబ్బాయి కాగితాలు ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. ఎక్కడా గడియ లేదు. చివరికి, "పరిశీలిస్తాం అధ్యక్షా" అన్నాడు. హాలంతా నవ్వులు. విద్యాధికారి కూడా నవ్వారు.

సభ అయ్యాక నేనా అమ్మాయిని పిలిచి, స్క్రిప్టు తప్పినందుకు కోప్పడ్డాను. సోమవారానికి తలుపుకు కొత్త గడియ వచ్చింది. తప్పయిందమ్మా అని ఆమెకు చెప్పాలని మాత్రం నాకు ఆ రోజు తోచలేదు. తోచేసరికి ఆమె బడి వదిలి వెళ్లిపోయింది.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఆస్టిన్‌లో మీవాడికి స్క్రిప్టు రాసిచ్చే మాస్టారు ఉండడు. అందుకే అది మీకు భయంగా ఉంది, అందుకే అది పనికొచ్చేది కూడా. మా బడి సభలో ఎవరూ ఓడిపోయేవారు కాదు, కాబట్టి ఎవరూ నేర్చుకునేదీ ఉండేది కాదు, ఆ ఒక్క అమ్మాయి తప్ప. అయితే అమెరికావాళ్ల శిబిరంలో నాకు కొరతగా కనిపించిందీ ఆ గడియే. వారంలో ఎక్కువ భాగం గెలవడానికే ఖర్చయిపోతుంది. గెలిచి ఏం చేయాలన్నది చివర్లో హడావుడిగా వస్తుంది. కుర్రాళ్లు దేశాన్ని కుదిపే పెద్ద పెద్ద విషయాల మీద అరుచుకుంటారు, ఎందుకంటే టీవీలో పెద్దవాళ్లు వాటి మీదే అరుచుకుంటారు. వాళ్లు ఆ వారం తినే భోజనం, పడుకునే గది, తిరిగి వెళ్లాక చదివే బడి, వీటి గురించి మాట్లాడేవాడు అరుదు.

కాబట్టి మీవాణ్ణి ఒక గడియను వెంట తీసుకెళ్లమనండి. అంటే, చిన్నదీ, నిజమైనదీ, తాను స్వయంగా పడిన ఇబ్బందీ ఒకటి. స్కూల్లో మధ్యాహ్నం తినడానికి సరిపోని సమయం కావచ్చు, మీ వీధిలో కాలిబాట లేకపోవడం కావచ్చు. ఏదన్నది వాడే ఎంచుకోవాలి, మీరు సూచించకూడదు. సూచిస్తే మళ్లీ నా గీతల కాగితమే అవుతుంది. దాని గురించి రెండు నిమిషాలు వంటింట్లో మీ ముందు నిలబడి చెప్పమనండి. మీరు చేయాల్సింది ఒక్కటే, "అయితే డబ్బెక్కడిది?" అని అడగడం. ఆ ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పగలిగితే వాడు చాలామంది నిజం అభ్యర్థుల కంటే సిద్ధంగా ఉన్నట్టే.

నెమ్మదస్తుడన్నారు. మంచిదే. అక్కడ గవర్నరు ఒక్కడే అవుతాడు. నగర పాలక పదవులు, కౌంటీ పదవులు, శాసనసభ స్థానాలు, పార్టీ పనులు ఎన్నో ఉంటాయి. సినిమావాళ్లు వెయ్యిమందిలో నలుగురైదుగురి వెంట పడ్డారు, వారం రోజుల్ని రెండు గంటలకు లోపే కుదించారు. ఏ గొడవా లేకుండా పొద్దున లేచి, ఒక చిన్న బిల్లు రాసి, కొత్త స్నేహితుడితో బాస్కెట్‌బాల్ ఆడుకుని పడుకున్న ఎనిమిది వందల మంది తెర మీద కనబడరు. డాక్యుమెంటరీ కూడా ఒక రకం ప్రచారమే అమ్మా. కూర్చినవాళ్లకు ఏది రక్తి కట్టిందో అదే మనకు చూపిస్తారు.

అలాగని మీ రెండో భయాన్ని తీసిపారేయను. రెనేకు జరిగింది నిజం. షికాగో నుంచి వచ్చిన నల్లజాతి అబ్బాయి, తెల్లవాళ్లతో కిక్కిరిసిన ఆ గుంపులో ఒక్క ప్రసంగంతో పార్టీ అధ్యక్షుడయ్యాడు. ఆ వెంటనే అతన్ని దించేయాలన్న ప్రయత్నాలు, ఫోన్లలో అతని రంగు మీద వెటకారాలు. మీవాడికీ ఏదో ఒక మాట పడవచ్చు. పడదని నేను హామీ ఇవ్వలేను, టెక్సస్‌లో పెరిగాడు కాబట్టి ఈ పాటికే పడి ఉంటుంది కూడా. మీకు చెప్పి ఉండడు. వెళ్లే ముందు ఒక్కసారి సూటిగా అడగండి. అలాంటిది జరిగితే అక్కడి పెద్దలకు చెప్పడం చాడీ కాదని, భరించి ఊరుకోవడం గొప్ప కాదని చెప్పండి. పేరు సంగతికి వస్తే, కుదించుకోవద్దనండి, వాడికి ఇష్టమైతే తప్ప. ప్రసంగం మొదటి వాక్యంలోనే తన పేరు ఎలా పలకాలో సభకు నేర్పమనండి, రెండుసార్లు అందరిచేతా అనిపించమనండి. అందరూ కలిసి అన్న పేరు మరిచిపోరు. ఓటు వేసే కాగితం మీద అదే పేరు కనిపిస్తే చెయ్యి ఒక క్షణం ఆగుతుంది.

ఇక మీవారికి.

అయ్యా, మీ భయం పిరికితనం అని నేను అనను. ఆ రోజులు నేనూ చూశాను. హాకీ కర్రలు పట్టుకుని హాస్టల్లోకి దూరడం, ఎవరి వెనక ఏ నాయకుడున్నాడో, ఏ కాంట్రాక్టరు బిర్యానీ పెట్టించాడో అందరికీ తెలియడం, ఏడాది పొడవునా కక్షలు. అక్కడ విద్యార్థి సంఘం వెనక అసలు పార్టీ ఉండేది, దాని చదరంగంలో విద్యార్థి తల ఒక పావు. ఈ శిబిరం పార్టీలు శనివారానికి చచ్చిపోతాయి. ఫెడరలిస్టు జెండా పట్టుకుని ఆదివారం ఎవరూ ఎవరి ఇంటికీ రారు. రెండింటికీ ఉన్న పోలిక ఎన్నిక అన్న మాట ఒక్కటే.

రాజకీయాలు మనకెందుకన్నారు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. బళ్లకు డబ్బు చాలామటుకు మీ ఇంటి మీద వేసే పన్ను నుంచే పోతుంది. ఏటా ఆ నోటీసు చూసి మీరు నిట్టూర్చే ఉంటారు. ఆ పన్ను నిర్ణయాల్లో మీ స్కూలు బోర్డు వాటా ఉంది, ఆ బోర్డును ఓట్లతో ఎన్నుకుంటారు. మీరు రాజకీయాల జోలికి వెళ్లకపోయినా అవి ఏడాదికోసారి మీ తపాలా పెట్టెలోకి వస్తూనే ఉన్నాయి. ఇంజనీరింగు పాడవుతుందన్న బెంగ ఉంటే ఇంకో సంగతి. అరుణా మిల్లర్ హైదరాబాదులో పుట్టారు, ఏడేళ్ల వయసులో అమెరికా వచ్చారు, సివిల్ ఇంజనీరుగా రోడ్లూ రవాణా పనుల్లో పాతికేళ్లు పనిచేశారు. శాసనసభకూ వెళ్లారు. 2023 జనవరి నుంచి మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరు. ఎవరి పిల్లలూ అంత వాళ్లు కావాలని కాదు. రెండూ ఒకే మనిషిలో ఇమిడాయని చెబుతున్నాను.

అమ్మాయి గురించి రాయకపోతే ఆమె నాకు విడిగా ఉత్తరం రాసేలా ఉంది. గర్ల్స్ స్టేట్ కూడా ఉంది. లీజియన్‌కు అనుబంధమైన మహిళా సంఘం నడుపుతుంది, టెక్సస్‌లో దాన్ని బ్లూబానెట్ గర్ల్స్ స్టేట్ అంటారు. పదకొండో తరగతి పూర్తవ్వాలి కాబట్టి ఇంకా మూడేళ్లు ఆగాలి. ఆలోగా అదే దంపతులు మిసోరీలో 2022 శిబిరం మీద తీసి 2024లో విడుదల చేసిన రెండో డాక్యుమెంటరీ మీ ఇద్దరూ కలిసి చూడండి. నన్నడిగితే మొదటిదాని కంటే అదే పదునైనది. ఆ ఏడాది అబ్బాయిల శిబిరం, అమ్మాయిల శిబిరం ఒకే ప్రాంగణంలో పక్కపక్కనే జరిగాయి. గర్భస్రావంపై సుప్రీంకోర్టు తీర్పు ముసాయిదా బయటికి పొక్కి దేశమంతా అట్టుడుకుతున్న వేసవి అది. పక్క భవనంలో అబ్బాయిలు చట్టాలు చేసుకుంటుంటే అమ్మాయిలకు బట్టల మీద నియమాలు, ఒంటరిగా నడవకూడదన్న నియమాలు. గవర్నరు పోటీలో ఓడిన ఒక అమ్మాయి ఒక మూల కూర్చుని ఏడవకుండా, రెండు శిబిరాలకు అయ్యే ఖర్చులో తేడా ఎందుకని లెక్కలు అడుగుతూ తిరిగి వ్యాసం రాసింది. అది చూసినప్పుడు నాకు మా బడి అమ్మాయి గుర్తొచ్చింది. ఆమె కూడా నేను రాసిచ్చిన ప్రశ్న పక్కన పెట్టి తనకు కావలసింది అడిగింది.

చివరగా కొన్ని చిన్న పనులు. ఆస్టిన్‌లో జూన్ ఎండ మన రెంటచింతలను గుర్తుకు తెస్తుంది, శిబిరంలో నడక ఎక్కువ, కొత్త బూట్లు కొనిపెట్టి పంపకండి, పాతవే మేలు. రోజుకు పదిసార్లు ఫోను చేయకండి, రాత్రి పడుకునే ముందు ఒక మెసేజ్ చాలని ముందే ఒప్పందం చేసుకోండి. మూడో రోజున, "ఇంటికి వచ్చేస్తాను" అనే మెసేజ్ వస్తుంది. మరునాటి దాకా ఆగి చూడండి.

తిరిగి తీసుకురావడానికి మీరు వెళ్లకండి, ఆయన్ని పంపండి. ఆస్టిన్ నుంచి ప్లేనోకు మూడున్నర గంటల దారి. ఎక్కీ ఎక్కగానే వాడు నిద్రపోతాడు, దారిలో వేకో అనే ఊరు వచ్చే దాకా లేవడు. అక్కడ ఆగి ఏదైనా తినిపించమనండి. గెలిచావా అని మాత్రం అడగవద్దనండి. ఎవరికి ఓటేశావు, ఎందుకు వేశావు అని అడిగితే ఇల్లు చేరే దాకా సరిపడా మాటలు వస్తాయి. వాటి మధ్యలో ఎక్కడో వాడు ఊపిరి తీసుకోవడానికి ఆగుతాడు. గుంటూరులో తల పగిలిన స్నేహితుడి సంగతి అప్పుడు చెప్పమనండి. మీకే పన్నెండేళ్లకు చెప్పిన మనిషి కదా, కొడుకుకు ఇంతవరకు చెప్పి ఉండరని నా అనుమానం.